ఫోన్‌లో తెలుగు, ఉర్దూ వెనుక ఎవరి చెమట? ఎవరి పెట్టుబడి?

పల్నాడు జిల్లా బొల్లాపల్లి. ఈ ఊరి పేరును ఫోన్‌లో టైప్ చేస్తే కంటికి కనిపించేవి నాలుగే అక్షరాలు: బొ, ల్లా, ప, ల్లి. ఫోన్ లోపల మాత్రం అవి 11 సంకేతాలు. ల, దాని పక్కన పొల్లు, ఆ పక్కన ఇంకో ల, ఆపైన దీర్ఘం... ఇలా విడివిడిగా వచ్చినవాటిని కలిపి, ఒత్తును కిందకు దించి, గుడిని తలపైకి ఎక్కించి చూపించాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ పేరు హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో, లిబ్రే ఆఫీస్‌లో ఉన్నది ఇదే.

ఉర్దూ తెలిసిన ఇళ్లలో ఈ పేరు వినగానే అర్థం తడుతుంది. హర్ఫ్ అంటే అక్షరం. ఫార్సీలో బాజ్ అంటే తెరిచి ఉన్నది. దీన్ని తీర్చిదిద్దిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన ఇంజినీరు. తెలుగు ఒత్తులను సర్దేదీ, ఉర్దూ నస్తలీఖ్‌లో ఏటవాలుగా దిగే అక్షరాలను ఒకదానికొకటి అతికించేదీ ఈ ఒక్క సాఫ్ట్‌వేరే.

దీనికోసం బొల్లాపల్లిలో ఎవరూ రూపాయి కట్టలేదు. ఫోన్ తయారుచేసిన కంపెనీ కూడా లైసెన్స్ ఫీజు కట్టలేదు. అలాగని ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. బెహ్‌దాద్ మొదట రెడ్‌హ్యాట్‌లో, తర్వాత గూగుల్‌లో జీతం తీసుకుంటూ ఈ పని చేశారు. ఎన్నో దేశాల వాలంటీర్లు తమ లిపిలో తప్పు ఎక్కడ వస్తోందో చూసి చెప్పారు, సరిచేసి పంపారు. అంటే ఇందులో కంపెనీ జీతమూ ఉంది, ఊరికే చేసిన సేవా ఉంది.

ఈ రెండింటి మధ్య లెక్క ఎలా తేలాలన్నదే కొన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్ లోకంలో పెద్ద తగువు. ఏఐ రాకతో ఆ తగువు తెలుగు, ఉర్దూ మాట్లాడే ఇళ్ల గడప దాకా వచ్చింది. ఎందుకంటే ఇప్పుడు అడుగుతున్నది కోడ్ ఒక్కటే కాదు, ఇంట్లో మాట్లాడే మాటను కూడా.

వాలంటీర్ అంటే ఎవరు?

ముందు ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో చూద్దాం. హోటల్లో బిర్యానీ తినొచ్చు గానీ మసాలా లెక్క ఎంత అడిగినా చెప్పరు. మామూలు సాఫ్ట్‌వేర్ అలాంటిది. ఓపెన్ సోర్స్‌లో వంటకంతో పాటు లెక్క కూడా చేతికిస్తారు. ఎవరైనా వండుకోవచ్చు, ఉప్పు తగ్గించుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కొన్ని లైసెన్సుల్లో ఒక్క షరతు ఉంటుంది: మార్చిన లెక్కను మళ్లీ పదిమందికీ చెప్పాలి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఈ దారిలో పెద్ద మైలురాళ్లు. నేటి ఆండ్రాయిడ్ ఫోన్ల గుండెకాయ ఆ లినక్సే. బడి పుస్తకాల మీద ఉండే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే తెరుచుకునే దీక్ష వేదిక కూడా సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీదే కట్టారు.

ఇక వాలంటీర్ అనే మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మాట వింటే గుర్తొచ్చేది గ్రామ వాలంటీరు. 2019 ఆగస్టులో మొదలైన ఆ వ్యవస్థలో ఒక్కొక్కరికి 50 ఇళ్లు అప్పగించి, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. 2024 ఎన్నికల తర్వాత ఆ వ్యవస్థ ఆగిపోయింది. దాని మీద రాజకీయ వాదాలు ఎలా ఉన్నా ఒక సంగతి ఊళ్లలో అందరూ చూశారు: ఇచ్చే చెయ్యి ఆగితే పని కూడా ఆగుతుంది.

సాఫ్ట్‌వేర్ వాలంటీరుకు చాలాసార్లు ఆ ఐదు వేలు కూడా లేవు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల బాగోగులు చూసేవారిని అమెరికా కంపెనీ టైడ్‌లిఫ్ట్ 2024లో సర్వే చేస్తే, 60 శాతం మంది తమకు దీనికి డబ్బేమీ రాదని చెప్పారు. ఉద్యోగం అయిపోయాక రాత్రి పూట, సెలవు రోజున కూర్చుని చేసే పని అది.

అను, ఇన్‌పేజ్ నుంచి యూనికోడ్ దాకా

నరసరావుపేట, వినుకొండ, మాచర్లలో డీటీపీ షాపులు నడిపినవారికి పాత కథ బాగా తెలుసు. తెలుగు పెళ్లి కార్డు కావాలంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. అదే కార్డుకు ఉర్దూ వైపు కావాలంటే ఇన్‌పేజ్. ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ కంపెనీ 1994లో తెచ్చిన ఇన్‌పేజ్, నూరీ నస్తలీఖ్ అక్షరాలతో ఉర్దూ పత్రికల రూపాన్నే మార్చేసింది. ఆ నూరీ నస్తలీఖ్‌ను పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ తీర్చిదిద్దితే 1981లో జంగ్ పత్రిక వాడకంలోకి తెచ్చింది. అంతవరకు కాతిబులు చేత్తో రాసిన పేజీలే అచ్చయ్యేవి.

ఈ కంపెనీ సాఫ్ట్‌వేర్లు చేసిన మేలు చిన్నది కాదు. అవి లేకపోతే చిన్న పట్నాల ప్రెస్సులు తెలుగులో, ఉర్దూలో ముద్రించగలిగేవి కావు. కానీ ఒక చిక్కు ఉంది. ఆనాటి ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. గూగుల్లో వెతికితే దొరకదు, ఫోన్‌లో చదవడానికి రాదు. ఏళ్ల తరబడి టైప్ చేసిన పుస్తకాలు, పత్రికలు ఆ ఫైళ్లలోనే బందీ అయిపోయాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు రాసినవారిలో చాలామంది పైసా తీసుకోని ఔత్సాహికులే.

ఆ తర్వాతి కథలో రెండు చేతులూ కనిపిస్తాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు మైక్రోసాఫ్ట్ గౌతమి ఫాంటు ఇచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి అందరికీ వదిలేశారు. రెడ్‌హ్యాట్ కంపెనీ పుణెకు చెందిన మాడ్యులర్ ఇన్ఫోటెక్ దగ్గర భారతీయ లిపుల ఫాంట్లు తీసుకుని, లోహిత్ పేరుతో ఓపెన్ సోర్స్ చేసింది. అందులో తెలుగు ఒకటి. సిలికానాంధ్ర సంస్థ తెచ్చిన మండలి, ధూర్జటి, పెద్దన, సూరన్న, రామభద్ర, గురజాడ లాంటి ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. ఉర్దూకు 2014లో గూగుల్ నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంటును ఇదే పద్ధతిలో ఇచ్చింది.

సమాచారం వైపు చూస్తే తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో మొదలయ్యాయి. రెండూ నడిచేది వాలంటీర్ల చేతుల మీదే. 2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచేసి, ఇంజినీరింగ్ కాలేజీలకు తీసుకెళ్లింది. అప్పట్లో కంప్యూటర్ మెనూలో ఫైల్, సేవ్, ప్రింట్ అన్న మాటలకు ఒక్కొక్కదానికీ తెలుగు మాట వెతికి రాసినవారంతా విద్యార్థులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు.

ఈ జాబితా చూస్తే ఒకటి స్పష్టం. కంపెనీల డబ్బు లేకపోతే తెలుగు, ఉర్దూ ఇంత వేగంగా ఫోన్‌లోకి వచ్చేవి కావు. వాలంటీర్లు లేకపోతే అసలు ఆ డబ్బు పెట్టాలన్న ఆలోచనే చాలా కంపెనీలకు వచ్చేది కాదు. లాభం కనిపించని రోజుల్లో నేల దున్నింది వాలంటీర్లే.

డబ్బు ఎక్కడికి వెళ్తోంది?

కంపెనీలు ఉచిత సాఫ్ట్‌వేర్ మీద డబ్బు ఎందుకు పెడతాయి? అది దానధర్మం కాదు. పది కంపెనీలకు ఒకే రోడ్డు కావాల్సినప్పుడు, ఎవరి రోడ్డు వాళ్లు వేసుకోవడం కంటే కలిసి ఒక రోడ్డు వేసుకోవడం చవక. ఆ రోడ్డు మీద ఎవరి లారీలు వాళ్లు నడుపుకుంటారు. లినక్స్ అలాంటి రోడ్డు. లినక్స్ ఫౌండేషన్ 2017 నివేదిక ప్రకారం లినక్స్ కెర్నెల్‌కు వచ్చిన మార్పుల్లో జీతం లేకుండా పనిచేసినవారి వాటా 8.2 శాతమే. మిగతాదంతా దాదాపు కంపెనీల ఉద్యోగులు చేసిందే. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పెట్టి రెడ్‌హ్యాట్‌ను కొనేసింది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ మీద వ్యాపారం చేసే కంపెనీకి అంత ధర పలికింది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2024లో ఇంకో లెక్క కట్టారు. ప్రపంచంలో విరివిగా వాడే ఓపెన్ సోర్స్‌ను ఒక్కసారి మళ్లీ మొదటి నుంచి రాయిస్తే సుమారు 415 కోట్ల డాలర్లు అవుతుంది. అదే లేకపోతే ప్రతి కంపెనీ తనకు కావాల్సింది తానే రాసుకోవాలి, అప్పుడయ్యే ఖర్చు 8.8 లక్షల కోట్ల డాలర్లు. ఈ విలువలో 96 శాతం కేవలం 5 శాతం ప్రోగ్రామర్ల చేతి మీదుగా వచ్చిందని కూడా ఆ పత్రం చెప్పింది. అంటే లోకమంతా తినే అన్నం కొద్దిమంది వండుతున్నారు.

ఇక్కడే అసలు సమస్య. డబ్బు కొత్తగా మెరిసే చోటికి వెళ్తుంది, పాతదాన్ని చక్కదిద్దే చోటికి రాదు. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న పల్నాడు పల్లెలకు ఈ సంగతి కొత్త కాదు. కాలువ తవ్వడానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. తవ్వాక ఏటా పూడిక తీయడానికి ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. పూడిక తీయని కాలువకు చివరి పొలం దాకా నీళ్లు రావు.

పూడిక తీసేవాళ్లు లేకపోతే

సాఫ్ట్‌వేర్‌లో ఆ పూడిక ఎంత ప్రమాదమో 2014 నుంచి మూడుసార్లు బయటపడింది.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్. బ్యాంకు సైటు, ఈమెయిలు, ఆన్‌లైన్ షాపు, ఏదైనా సరే మాటను గుట్టుగా చేరవేయడానికి ఎక్కువగా వాడేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. అందులో పెద్ద రంధ్రం దొరికింది. తీరా చూస్తే అంత కీలకమైన ప్రాజెక్టుకు అప్పటిదాకా ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు, పూర్తికాలం పనిచేసేది ఒక్కరు. ఆ తర్వాతే గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్, అమెజాన్ లాంటివి లినక్స్ ఫౌండేషన్ ద్వారా నిధి పెట్టాయి.

2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే. జావాలో రాసిన లెక్కలేనన్ని సర్వర్లలో ఉండే చిన్న ముక్క ఇది. లోపం బయటపడగానే పెద్ద పెద్ద కంపెనీలు, ప్రభుత్వాలు ఉలిక్కిపడ్డాయి. దాన్ని సరిచేయడానికి నిద్ర మానుకున్నది కొద్దిమంది వాలంటీర్లు.

2024 మార్చిలో జరిగింది ఇంకా భయపెట్టేది. ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఫైళ్లను కుదించే పని చేస్తుంది. లాసె కోలిన్ అనే ఒక్క వ్యక్తి ఏళ్ల తరబడి జీతం లేకుండా దాన్ని చూసుకున్నారు. పని ఆలస్యమవుతోందని కొన్ని గొంతులు ఆయన మీద ఒత్తిడి తెచ్చాయి. అప్పుడు జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయం చేస్తానంటూ వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపికగా, మంచి పని చేసి నమ్మకం సంపాదించారు. చివరికి ఆ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టారు. అది అన్ని చోట్లకూ చేరి ఉంటే ప్రపంచంలోని ఎన్నో లినక్స్ సర్వర్ల తాళం ఒకరి చేతికి వెళ్లేది. మైక్రోసాఫ్ట్ ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన కంప్యూటర్‌లో లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్వబట్టి అది బయటపడింది.

ఈ ఘటనలో దొంగ ఎవరో నేటికీ తేలలేదు. కానీ తలుపు ఎలా తెరుచుకుందో తెలిసింది. అలసిపోయిన ఒంటరి మనిషి, సాయం వస్తే చాలనుకున్న పరిస్థితి. ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడుకుని లాభాలు గడించిన కంపెనీల్లో ఏ ఒక్కటి అయినా ఆయన పక్కన ఒక ఇంజినీరును కూర్చోబెట్టి ఉంటే కథ వేరేగా ఉండేది. ఇక్కడ కాపాడిన ఫ్రాయిండ్ కంపెనీ జీతగాడే అన్నది కూడా మర్చిపోకూడదు. అందుకే ‘కంపెనీలు చెడ్డవి, వాలంటీర్లు మంచివారు’ అని తేల్చేస్తే లెక్క తప్పుతుంది.

తలుపు మూసేస్తే?

రెండో ప్రమాదం పెట్టుబడి పెట్టినవారి వైపు నుంచి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్‌గా ఇస్తారు, వేలమంది వాడి, తప్పులు చెప్పి, బాగుచేస్తారు. అది పెద్దదయ్యాక, ‘మా కష్టాన్ని అమెజాన్ లాంటి క్లౌడ్ కంపెనీలు ఉచితంగా అమ్ముకుంటున్నాయి’ అంటూ లైసెన్స్ మార్చేస్తారు. 2021లో ఎలాస్టిక్, 2023లో టెర్రాఫామ్ తయారుచేసే హాషికార్ప్, 2024 మార్చిలో రెడిస్ ఈ పని చేశాయి. వారి ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ వాలంటీర్లు చేసిన పని కూడా ఆ మూసిన తలుపు లోపలే ఉండిపోతుంది.

అయితే ఓపెన్ సోర్స్‌లో ఒక రక్షణ ఉంది. పాత లైసెన్సు కింద అప్పటికే ఇచ్చిన కోడ్‌ను వెనక్కి తీసుకోలేరు. దాన్ని పట్టుకుని వేరు కాపురం పెట్టొచ్చు. టెర్రాఫామ్ నుంచి ఓపెన్‌టోఫు, రెడిస్ నుంచి వాల్కీ అలా పుట్టాయి. ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్సును కూడా ఇవ్వక తప్పలేదు. తొలిరోజు లైసెన్సులో ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

చిన్న వార్తా సైట్లకు నేరుగా తగిలిన గొడవ వర్డ్‌ప్రెస్‌ది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీని మీదే నడుస్తాయి. 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. 2024 సెప్టెంబరులో ములెన్‌వెగ్, వర్డ్‌ప్రెస్ మీద వ్యాపారం చేసే డబ్ల్యూపీ ఇంజిన్ కంపెనీ మీద విరుచుకుపడ్డారు. కోట్లు సంపాదిస్తూ ప్రాజెక్టుకు తిరిగి ఇస్తున్నది చాలా తక్కువని ఆయన ఆరోపణ. ఆదాయంలో 8 శాతం ఇవ్వాలని అడిగారు. ఆ కంపెనీకి వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ తలుపు మూశారు. కంపెనీ కాలిఫోర్నియా కోర్టుకెక్కింది. డిసెంబరులో కోర్టు తాత్కాలికంగా దాని పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. 2025 జనవరిలో ములెన్‌వెగ్ కంపెనీ ఆటోమాటిక్, వర్డ్‌ప్రెస్ కోసం తన ఉద్యోగులు వారానికి చేసే పనిని దాదాపు 4 వేల గంటల నుంచి 45 గంటలకు తగ్గించేసింది. మే నెలాఖరులో మళ్లీ వస్తున్నామని చెప్పింది. ఈ మధ్యలో ఇరువైపులా పోట్లాటకు సంబంధం లేని వాలంటీర్లు, చిన్న సైట్లవారు నలిగారు.

ఇప్పుడు ముడిసరుకు భాషే

ఇంతదాకా కోడ్ సంగతి. ఏఐతో కథ మలుపు తిరిగింది. ఏఐ మోడల్‌కు తెలుగు రావాలంటే తెలుగు పాఠం కావాలి, తెలుగు గొంతు కావాలి. ఇంటర్నెట్‌లో ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగు చాలా తక్కువ. ఉన్నదాంట్లో నమ్మదగ్గ భాగం వికీపీడియా లాంటి చోట్ల వాలంటీర్లు రాసిందే. కాబట్టి ఇప్పుడు అందరి చూపూ భాషను ఇచ్చేవారి మీద పడింది.

ప్రభుత్వం 2022లో భాషిణి ప్రారంభించింది. అదే ఏడాది ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ ఫర్ భారత్ కేంద్రానికి నందన్, రోహిణి నీలేకణి దంపతులు 36 కోట్ల రూపాయలు ఇచ్చారు. ఆ కేంద్రం భారతీయ భాషల డేటాను, మోడళ్లను ఓపెన్‌గా విడుదల చేస్తోంది. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఇండియా ఏఐ మిషన్‌కు 10,372 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది.

తెలుగు గడ్డ మీద ఈ కలయికకు దగ్గరి ఉదాహరణ స్వేచ్ఛ, ఓజోన్‌టెల్ కలిసి చేసిన ‘చందమామ కథలు’ మోడల్. ఓజోన్‌టెల్ హైదరాబాద్‌కు చెందిన కాల్ సెంటర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ. తెలుగు ఏఐ వల్ల దానికి వ్యాపార అవసరం ఉంది. స్వేచ్ఛకు కాలేజీల్లో వాలంటీర్లు ఉన్నారు. వేలమంది ఇంజినీరింగ్ విద్యార్థులు కూర్చుని సుమారు 40 వేల పేజీల కథలను యంత్రం చదవగలిగే తెలుగులోకి తెచ్చారు. దాంతో తెలుగులో కథ చెప్పే చిన్న ఏఐ మోడల్ తయారైంది. ఆ తర్వాత ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌తో కలిసి స్వేచ్ఛ ఇంకా పెద్ద ఎత్తున విద్యార్థులతో డేటా సేకరణకు పూనుకుంది.

కంపెనీ కంప్యూటర్లు, నిపుణుల సమయం ఇవ్వడం, విద్యార్థులు చెమట ఇవ్వడం. ఇది మంచి నమూనానే. ఒక్క కంపెనీయే చేస్తే ఆ డేటా దాని బీరువాలో పడేది. ఒక్క వాలంటీర్లే చేస్తే మోడల్‌కు శిక్షణ ఇచ్చే ఖరీదైన యంత్రాలు దొరికేవి కావు. కానీ నమూనా మంచిదైనంత మాత్రాన ఆ పేరుతో వచ్చే ప్రతి పిలుపూ మంచిదే కానక్కర్లేదు. ‘సర్టిఫికెట్ ఇస్తాం, డేటా పంపండి’ అనే పిలుపుల్లో ఏది పదిమందికీ చెందుతుంది, ఏది ఒకరి సొత్తవుతుంది అన్నది చూసుకోవాల్సిందే.

అసలు ఇందులో పల్నాడు ముస్లిం కుటుంబాలకు ఏం పోతుంది, ఏం వస్తుంది? పల్నాడు, గుంటూరు వైపు నూర్‌బాషా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పక్క వీధిలోనే దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఉంటాయి. తెలుగు వాక్యంలోనే ఖాలా, ఫుప్పూ, దువా, నికా కలిసిపోతాయి. పేర్లు మస్తాన్ వలి, నాగూర్ మీరా, సైదా, జాన్‌బీ. షేక్ అన్నది ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా పడి, సరిచేయించుకోవడానికి మీసేవ చుట్టూ తిరగాల్సిన బాధ చాలా ఇళ్లకు తెలుసు. రేపు రేషన్, పెన్షన్, ఆస్పత్రి సేవలు మాటతో నడిచే ఏఐ మీదకు వెళ్తే, ఆ యంత్రం ఈ పేర్లను, ఈ యాసను ఎప్పుడూ వినకపోతే ఏమవుతుంది? యంత్రం తాను విన్నదాన్నే గుర్తుపడుతుంది. డేటాలో లేనివాళ్లు దాని చెవికి లేనట్టే.

కాబట్టి ఈ పనికి దూరంగా ఉండటం జవాబు కాదు. మాట ఇవ్వాలి, కానీ షరతుతో ఇవ్వాలి.

అడగాల్సిన ప్రశ్నలు

బీటెక్ చదివే పిల్లలు డేటా ఇంటర్న్‌షిప్ అని ఇంటికి వచ్చి చెప్పినప్పుడు అమ్మానాన్నలకు వచ్చే మొదటి సందేహం, ‘జీతం లేకుండా ఎందుకురా?’ అని. ఆ సందేహం న్యాయమైనదే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే ఇంట్లో మూడు నెలల ఉచిత పని అంటే చిన్న ఖర్చు కాదు. లాప్‌టాప్, తీరిక ఉన్నవారే వాలంటీర్లు కాగలిగితే, ఓపెన్ సోర్స్ కూడా ఉన్నవారి ఆట అయిపోతుంది. అందుకే చేరే ముందు ఐదు సంగతులు తేల్చుకోవడం మేలు.

ఒకటి, లైసెన్స్. సేకరించిన డేటా, తయారైన మోడల్ ఏ లైసెన్సు కింద, ఎప్పుడు, ఎక్కడ విడుదలవుతాయి? ‘ఓపెన్’ అని నోటితో చెబితే చాలదు, రాసి ఉండాలి. ఓపెన్ లైసెన్సు ఉంటే రేపు కంపెనీ మనసు మార్చుకున్నా ఇచ్చింది పోదు.

రెండు, అనుమతి. నానమ్మ చెప్పిన కథను, ఇంటి ఆడవాళ్ల గొంతును రికార్డు చేసి పంపే ముందు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి ఒప్పించారా? వద్దనుకుంటే తీసేసే దారి ఉందా? 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి ప్రాణం ఈ అనుమతే.

మూడు, పేరు. చేసిన పనిలో విద్యార్థి పేరు అందరికీ కనిపించేలా నమోదవుతుందా? ఓపెన్ సోర్స్‌లో వాలంటీరుకు దొరికే అసలు సంపాదన ఇదే. ఉద్యోగానికి వెళ్లినప్పుడు కాగితపు సర్టిఫికెట్ కంటే బహిరంగంగా కనిపించే పని ఎక్కువ మాట్లాడుతుంది.

నాలుగు, నేర్పు. మూడు నెలలు కాపీ-పేస్ట్ చేయించారా, లేక కోడ్ రాయడం, తప్పు వెతకడం, ఇంకొకరి పనిని సరిచూడటం నేర్పారా? నేర్పనిది సేవ కాదు, చాకిరీ.

ఐదు, డబ్బు. స్టైపెండ్ ఇచ్చే దారులు ఉన్నాయి. గూగుల్ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఎంపికైనవారికి స్టైపెండ్ ఇస్తారు. సాఫ్ట్‌వేర్ రంగంలో తక్కువగా ఉన్న వర్గాలవారి కోసం నడిచే అవుట్‌రీచీలో మూడు నెలల పనికి 7,000 డాలర్లు ఇస్తారు. ఇంటి నుంచే చేయొచ్చు. ఆడపిల్లను దూరం పంపడానికి వెనకాడే ఇళ్లకు ఇది తెలియాల్సిన సంగతి. పోటీ గట్టిగానే ఉంటుంది, ఇంగ్లిష్‌లో రాయడం అలవాటు కావాలి. అందుకు ఇంజినీరింగ్ మొదటి ఏడాది నుంచే చిన్న చిన్న ప్రాజెక్టులకు పని చేస్తూ రావాలి.

పెట్టుబడి పెట్టేవారి వైపు నుంచి కూడా కొంత మార్పు మొదలైంది. జర్మనీ ప్రభుత్వం 2022లో ఇలాంటి పునాది సాఫ్ట్‌వేర్ల నిర్వహణ కోసమే సావరిన్ టెక్ ఫండ్ పెట్టింది. భారత్‌లో షేర్ల వ్యాపార సంస్థ జిరోధా, తాను ఉచితంగా వాడుకున్న సాఫ్ట్‌వేర్ల రుణం తీర్చుకుంటామంటూ 2024 అక్టోబరులో ఏటా 10 లక్షల డాలర్ల నిధిని ప్రకటించింది. హైదరాబాద్‌లో కోట్ల వ్యాపారం చేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎన్నో ఉన్నాయి. తెలుగు, ఉర్దూ ఫాంట్లను, కీబోర్డులను, లిపి సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టుకుని ఉండేవారికి కొన్ని జీతాలు ఇవ్వడం వాటికి పెద్ద భారం కాదు. ప్రజల డబ్బుతో తయారయ్యే భాషా సాఫ్ట్‌వేర్, డేటా ప్రజలకే తిరిగి చెందాలన్న నియమం పెట్టడం రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో పని.

ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉచితం అన్నది వాడేవారికే. తయారుచేసేవారి వైపు ఎప్పుడూ ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు, కొందరు డబ్బుతో, కొందరు నిద్రతో. కంపెనీ పెట్టుబడిని చూసి భయపడాల్సిన పని లేదు, వాలంటీరు సేవను చూసి మురిసిపోయి ఊరుకుంటే సరిపోదు. ఒప్పందంలో ఏం రాసి ఉందో చదివి, పిల్లల శ్రమకు, ఇంటి మాటకు తగిన విలువ అడిగిన కుటుంబాలకే రేపటి యంత్రం చెప్పిన మాట వింటుంది.